నాలుగో అంతస్తు వదిన నేర్చిన ఇంగ్లీషు

మా హోటల్లో ఆవిడను అందరూ వదిన అనే పిలుస్తారు. ఉద్యోగుల బస్సు నడిపే డ్రైవరును మేమంతా మొదటినుంచీ అన్నయ్య అనేవాళ్ళం. ఆయన భార్య గదులు శుభ్రం చేసే పనికి చేరిన రోజునే వదిన అయిపోయింది. పద్దెనిమిదేళ్ళుగా ఆ పిలుపే. ఎప్పుడైనా హాజరు పట్టీలో ఆవిడ అసలు పేరు కనిపిస్తే "ఇదెవరబ్బా, కొత్తమ్మాయా?" అని అడిగినవాళ్ళున్నారు.

నేను కింద బట్టల గదిలో ఉంటాను. చిరిగిన దుప్పట్లు కుట్టడం, కర్టెన్లకు రింగులు వేయడం, అంతస్తుకు సరిపడా దిండు గలీబులు అందించడం నా పని. మా హోటల్లో ఎవరు ఎలాంటివాళ్ళో తెలియాలంటే మేనేజరును అడక్కండి, నన్నడగండి. మాసిన దుప్పటి ఎలా పంపారో చూస్తే మనిషి తెలిసిపోతుంది. వదిన పంపిన మూట విప్పితే మురికి దుప్పటికి కూడా నాలుగు మూలలూ కలిసి ఉంటాయి. ఎలాగూ ఉతికే బట్టకు మడతేమిటని నేను చాలాసార్లు విసుక్కున్నాను. ఆవిడ నవ్వేసేది, మర్నాడు మళ్ళీ మడిచే పంపేది.

ఆ వదినకు మోకాళ్ళు అరిగిపోయాయి. పద్దెనిమిదేళ్ళపాటు రోజుకు పద్నాలుగు స్నానాల గదుల్లో నేల మీద కూర్చుని రుద్దితే అరగక ఏం చేస్తాయి? డాక్టరు ఎక్స్‌రే వెలుతురుకు పట్టి చూపించి, ఇక మోకాలు నేలకు ఆనించారంటే ఏడాది తిరక్కుండా కర్ర పట్టుకోవాల్సి వస్తుందని చెప్పేశాడు. అంతస్తు సూపర్వైజరైతే నడిచి చూసుకుంటే చాలు, రుద్దక్కర్లేదు. కాకపోతే పని మానుకుని ఇంట్లో కూర్చోవడమే. ఇంట్లో కూర్చోవడం ఆవిడకు చచ్చేంత భయం. సరిగ్గా ఆ సమయానికే పాత సూపర్వైజరు మానేసి ఆ ఉద్యోగం ఖాళీ అయింది.

మేనేజరు దానికి ఇద్దరిని అనుకున్నాడు. ఒకరు వదిన. రెండోది రెండో అంతస్తులో చేసే చకచక. ఆ అమ్మాయి మాటా నడకా పనీ అన్నీ అలాగే ఉంటాయి కాబట్టి ఆ పేరు. ఇద్దరూ నెల రోజులపాటు ఎవరి అంతస్తు అప్పగింత పుస్తకం వాళ్ళు సొంతంగా ఇంగ్లీషులో రాయాలి. ఎవరు బాగా రాస్తే వాళ్ళకు ఉద్యోగం. ఏ గది శుభ్రమైంది, ఎక్కడ కుళాయి కారుతోంది, ఎక్కడ బల్బు పోయింది, అన్నీ ఆ పుస్తకంలో ఉంటాయి. దాన్ని చూసే రిసెప్షన్ వాళ్ళు గదుల తాళాలిస్తారు. సాయంత్రం షిఫ్టు సూపర్వైజరుకు తెలుగు ముక్క రాదు, అందుకే ఇంగ్లీషు.

వదినకు ఇంగ్లీషు అక్షరాలు వచ్చు. సబ్బు సీసాల మీద పేర్లు కూడబలుక్కుని చదువుతుంది. అంతకు మించి రాదు. నేర్పే మనిషి ఇంట్లోనే ఉన్నారు గానీ ఆ మనిషిని అడగాలంటేనే గుండె దడ. ఎందుకంటే ఆవిడ అత్తగారు.

అత్తగారు ముప్పై ఒక్క ఏళ్ళు ఆఫీసులో టైపిస్టుగా చేశారు. రిటైరై పన్నెండేళ్ళయినా వేళ్ళు ఊరుకోవు, ఏ బల్ల కనిపిస్తే ఆ బల్ల మీద టకటకలాడిస్తూ ఉంటారు. చూపు మందగించింది. నాలుక మాత్రం ఏమాత్రం మందగించలేదు.

"ఏంటే అమ్మాయ్, గుమ్మం పట్టుకుని అలా నిలబడ్డావ్?" అన్నారావిడ.

"నాకు ఇంగ్లీషు నేర్పండి అత్తయ్యా."

"పెళ్ళై వచ్చిన ఇన్నేళ్ళకు అడగబుద్ధయిందన్నమాట. సరే, కూర్చో. నేల మీద కాదు, కుర్చీలో."

మా ఇల్లు వాళ్ళ పక్క వీధే. ఆ సాయంత్రాలు నేనూ వెళ్ళి కూర్చునేదాన్ని. నాకు ఇంగ్లీషు మీద మోజేమీ లేదు, అత్తాకోడళ్ళ వాదన వినడానికే వెళ్ళేదాన్ని. అంత కాలక్షేపం మా ఇంట్లో టీవీలో కూడా దొరికేది కాదు.

పాఠం వంటింట్లో, పని జరుగుతూండగానే.

"ఇప్పుడేం చేస్తున్నావో చెప్పు."

"ఐ వాష్ ద ప్లేట్" అంది వదిన, పళ్ళెం రుద్దుతూ.

"ఎప్పుడు కడుగుతావేంటి?"

"ఇప్పుడే కదండీ! మీ కళ్ళ ముందేగా!"

"ఐ వాష్ అంటే రోజూ కడుగుతావని. ఈ క్షణాన కడుగుతుంటే ఐ యామ్ వాషింగ్."

"మరి రేపు కడిగేది?"

"దానికి విల్ పెట్టాలి."

వదిన పళ్ళెం పక్కన పెట్టి నడుం మీద చెయ్యి వేసుకుంది. "మనకు కడుగుతాను అంటే రోజూ కడిగేదీ అదే, రేపు కడిగేదీ అదే. అందరికీ అర్థమవుతూనే ఉందిగా. వాళ్ళకెందుకండీ ఇంత అనుమానం?"

"వాళ్ళ అనుమానం వాళ్ళది. నువ్వు రాయి."

జరుగుతున్నదానికీ జరిగినదానికీ తేడా దగ్గర అత్తగారు ఒక చిట్కా చెప్పారు. రాసేముందు చెయ్యి చూసుకోమన్నారు. చేతికి ఇంకా నురగ ఉంటే ప్రెజెంట్, కడుక్కుని తుడుచుకుంటే పాస్ట్. ఇది వదినకు బాగా ఎక్కింది. కుళాయి పాఠం కూడా అంతే. "ట్యాప్ ఈజ్ లీకింగ్ అని రాశావనుకో, ప్లంబరు పరిగెత్తుకొస్తాడు. ట్యాప్ లీక్డ్ అని రాశావనుకో, ఎప్పుడో కారిందిలే అని కాళ్ళు చాపుకుంటాడు. తెల్లారేసరికి గదంతా నీళ్ళు" అన్నారు అత్తగారు. వదిన ఆ రెండు ముక్కలూ అరచేతిలో రాసుకుని మర్నాడు హోటలుకు వచ్చింది.

ఒకరోజు పాఠం మధ్యలో అన్నయ్యకు ఫోనొచ్చింది. ఎవరో స్నేహితుడు ఎక్కడో ఎదురుచూస్తున్నట్టున్నాడు. అన్నయ్య బనీనుతో, సగం గడ్డం నురగతో నిలబడి, "వచ్చేశా, వచ్చేశా, ఇదిగో సందు మలుపులో ఉన్నా" అన్నాడు.

అత్తగారు బల్ల మీద టకటక ఆపారు. "విన్నావా? ఈ సన్నాసి వచ్చేశానంటున్నాడు. వీడి మాటను ఇంగ్లీషులోకి మారిస్తే కోర్టులో కేసవుతుంది."

నాకు కడుపుబ్బ నవ్వొచ్చింది గానీ, ఆ రాత్రి ఇంటికెళ్ళాక ఆలోచిస్తే మనందరి సంగతీ అంతే. ఇంకా బయల్దేరకుండానే వచ్చేశా అంటాం. పొయ్యి మీద పెట్టకుండానే అయిపోయింది, కూర్చోండి అంటాం. నా దగ్గరకు ఎవరైనా చిరిగిన కర్టెను కోసం వస్తే, సూదిలో దారం ఎక్కించకముందే "కుట్టేశా, ఒక్క నిమిషం" అనడం నాకు పాతికేళ్ళ అలవాటు. ఇందులో ఎవరినీ మోసం చేద్దామని ఉండదు. ఎదుటివాళ్ళకు కాస్త ఊరట, అంతే. విన్నవాళ్ళు కూడా దాన్ని నమ్మరు, ఇంకో అరగంట పడుతుందని వాళ్ళే కలుపుకుంటారు.

మా హోటల్ అప్పగింత పుస్తకాలు నడిచింది కూడా సరిగ్గా ఆ పద్ధతిలోనే. ఎనిమిదింటి నుంచి నాలుగింటి దాకా షిఫ్టు. నాలుగింటికి బస్సు. సొంత పెళ్ళానికి కూడా అర నిమిషం ఆగని మనిషి మా అన్నయ్య. నాలుగు కొట్టగానే గేరు వేసేస్తాడు. ఆఖరి గది ముగించి, పేజీ రాసి, రిసెప్షన్లో ఇచ్చి, బట్టలు మార్చుకుని నాలుగింటికల్లా బస్సెక్కడం మనిషన్నవాడికి సాధ్యం కాదు. అందుకని పదకొండేళ్ళ నుంచీ అందరూ మధ్యాహ్నం భోజనాల బల్ల దగ్గరే పేజీ మొత్తం రాసేస్తారు. ఇంకా ముట్టుకోని గదులకు కూడా క్లీన్డ్, చెక్డ్, సంతకం. చెయ్యరా అంటే చేస్తారు, నాలుగింటికల్లా అన్నీ చేసేస్తారు. రాయడం మాత్రం ముందే.

వదిన అలా రాయలేకపోయింది. అప్పటిదాకా ఆవిడ పేజీ పాత సూపర్వైజరే రాసిపెట్టేవారు. మొదటి రోజే అందరూ రాస్తుంటే తనూ పెన్ను తీసింది. చెయ్యి చూసుకుంది. అన్నం తిన్న చెయ్యి. "నాలుగు గదులు చెయ్యనేలేదు కదే, క్లీన్డ్ అని ఎలా రాస్తాం?" అని చకచకను అడిగింది.

"చేస్తాంగా వదినా! రాసెయ్."

"చేశాక రాస్తాలే."

అలా మొదలైంది. ఒక్కో గది అయినప్పుడల్లా పేజీలో ఒక్కో వరస రాయడం, రిసెప్షన్‌కు ఫోను చేసి గది నంబరు చెప్పడం. నాలుగూ అయిదుకు పేజీ కిందకు ఇచ్చేసరికి బస్సు వీధి మలుపు తిరిగేది. అన్నయ్య అద్దంలో భార్యను చూసి చెయ్యి ఊపేవాడట కూడా! ఆవిడ రెండు మామూలు బస్సులు మారి గంట ఆలస్యంగా ఇల్లు చేరేది. కొన్నిరోజులు ఒక గది మిగిలిపోతే "నాట్ క్లీన్డ్" అని నిజమే రాసేది. చకచక పేజీలు చూస్తే కళ్ళకు పండగ, ఒక్క కొట్టివేత లేదు. వదిన పేజీల నిండా నాట్‌లు, దిద్దుబాట్లు, సగంలో ఆగిన పనులు. మేనేజరు వాటిని చూసి పెదవి విరిచాడని తెలిసి నాకు ఒళ్ళు మండింది. అతని మీద కాదు, వదిన మీదే. లోకమంతా ఒకలా పోతుంటే ఈవిడకేం వచ్చిందని.

ఇరవై ఆరో రోజు అత్తగారికి కంటి డాక్టరు దగ్గర అయిదింటికి సమయం ఇచ్చారు. రెండు నెలలు తిరిగితే దొరికిన సమయం అది. వదిన తీసుకెళ్ళాలి. నాలుగింటి బస్సు తప్పితే అంతే సంగతులు. మూడున్నరకు ఇంకా రెండు గదులు మిగిలాయి, నాలుగు వందల తొమ్మిదీ, నాలుగు వందల పన్నెండూ. అప్పుడు వదిన పద్దెనిమిదేళ్ళలో చేయని పని చేసింది. రెండింటికీ క్లీన్డ్ అని రాసి, రిసెప్షన్‌కు ఫోను చేసి, పేజీ కిందకు పంపేసి, తొమ్మిదిలోకి వెళ్ళి చకచకా పని మొదలుపెట్టింది. పన్నెండులోకి సాయంత్రం దాకా ఎవరూ రారులే అనుకుంది.

నాలుగింటికి పది నిమిషాలుండగా నాకు ఫోను చేసింది. 

"ఒక జత దుప్పట్లు, గలీబులు పట్టుకుని పైకి రా. నువ్వే రా."

వెళ్ళాను. నాలుగు వందల పన్నెండు తలుపు బార్లా తీసి ఉంది. లోపల మంచం మీద ఒక పెద్దావిడ పడుకుని ఉంది. ముందు రోజు ఎవరో వాడి వదిలేసిన నలిగిన దుప్పటి మీద తన శాలువా పరుచుకుని, మంచం అంచుకు ఒదిగి, బూట్లు కూడా విప్పకుండా నిద్రపోతోంది. స్నానాల గదిలో తడి తువ్వాళ్ళు కుప్పగా ఉన్నాయి, గాజు గ్లాసులో ఎవరిదో వాడిన బ్రష్షు ఉంది. వదిన గోడకు ఆనుకుని నిలబడింది. 

మా అలికిడికి ఆవిడ లేచింది. రెండు రోజుల రైలు ప్రయాణమట, తమ్ముడికి ఆపరేషనైతే చూడ్డానికి వచ్చిందట.

"పక్క మార్చలేదని చూశానమ్మా. ఫోను చేసి చెప్పే ఓపిక కూడా లేక వాలిపోయాను" అంది.

వదిన గబగబా మాసిన గలీబులు విప్పడం మొదలుపెట్టింది. ఆవిడే మళ్ళీ, "ఫరవాలేదులే తల్లీ. నేనెవరికీ చెప్పను. పొద్దున్నే వెళ్ళిపోతాను" అంది.

ఇద్దరం కలిసి పక్క మార్చాం. నేను వద్దన్నా వినకుండా వదిన మోకాళ్ళ మీద కూర్చుని స్నానాల గది నేల మొత్తం రుద్దింది. కింద బస్సు హారను వినిపించింది, వెళ్ళిపోయింది. నేను మెల్లిగా, "ఆవిడే చెప్పనంటోంది కదా. పుస్తకంలో ఎలాగూ క్లీన్డ్ అనే ఉంది. ఇంకో నాలుగు రోజులు కళ్ళు మూసుకో వదినా, ఉద్యోగం నీదే" అన్నాను. ఆ మాట అన్నందుకు నాకిప్పటికీ సిగ్గుగానే ఉంది. వదిన గుడ్డ పిండుకుని లేచింది.

రెండు బస్సులు మారి ఇద్దరం వాళ్ళింటికి చేరేసరికి అత్తగారు కుర్చీలో కళ్ళు మూసుకుని ఉన్నారు. కోడలి కోసం చూసి చూసి ఒక్కరే ఆటోలో వెళ్ళొచ్చారు. కంట్లో చుక్కలు వేశారు, రేపటిదాకా అక్షరం కనిపించదు.

వదిన చెప్పులు కూడా విప్పకుండా ఆవిడ పక్కన కూలబడి జరిగిందంతా చెప్పింది. చెప్తూ ఏడ్చింది. "ఆవిడ బూట్లతో పడుకుంది అత్తయ్యా. ఆ ఎంగిలి పక్క మీద" అని మళ్ళీ మళ్ళీ అదే.

అత్తగారు చాలాసేపు వేళ్ళు కదపలేదు. తర్వాత, "ఏం చేద్దామని?" అన్నారు.

"పుస్తకంలో రాస్తాను. మీరు దిద్దిపెట్టండి."

"నాకు కనపడి చావట్లేదే. నువ్వే రాసి చదువు."

వదిన కాగితం తీసుకుని అరగంట తంటాలు పడింది.  ఆఖరికి లేచి నిలబడి, బళ్ళో పిల్లలా చదివింది. "ఐ రోట్ ఫోర్ ట్వెల్వ్ క్లీన్డ్. ఐ డిడ్ నాట్ క్లీన్. ద గెస్ట్ స్లెప్ట్ ఆన్ ఓల్డ్ షీట్. ఐ యామ్ సారీ."

"తప్పుల్లేవు" అన్నారు అత్తగారు. మళ్ళీ, "ఉద్యోగం పోతుందే అమ్మాయ్. నీ మోకాళ్ళు?" అన్నారు.

"తెలుసండీ."

"అయితే రాసెయ్" అంటూ ఆవిడ తడుముకుని కోడలి చెయ్యి పట్టుకున్నారు. ఆ ఇంట్లో అలాంటిది నేను చూడటం అదే మొదలు.

ఏడింటికి అన్నయ్య వచ్చాడు. సంగతి విని, "నాలుగు దాటితే నేనేం చేసేది? ఆ వెంటనే ఫ్యాక్టరీ ట్రిప్పు" అని గొంతు పెంచాడు.

"ఫ్యాక్టరీకి ఎన్నింటికి చేరాలిరా?" అన్నారు అత్తగారు, కళ్ళు మూసుకునే.

"అయిదుంబావుకి."

"వీళ్ళందరినీ దింపి అక్కడికెళ్ళేసరికి ఎంతవుతుంది?"

"అయిదు."

"మరి ఆ పావుగంట?"

అన్నయ్య తల గోక్కున్నాడు. గోడ కేసి చూశాడు. నా కేసి చూశాడు. పావుగంటలో టీ తాగి, ఫ్యాక్టరీ వాచ్‌మన్‌తో ఒక చదరంగం ఆట వేస్తాడట. పదకొండేళ్ళుగా! మొత్తం హోటలు మధ్యాహ్నమే అబద్ధాలు రాసుకుంటున్నది ఈయన చదరంగం కోసమన్నమాట. అందులోనూ రోజూ ఓడిపోతాడట. అంత ఏడుపులోనూ వదిన ఫక్కున నవ్వింది. నాకు మాత్రం ఆయన్ని బస్సుతో సహా తిట్టాలనిపించింది. ఇంటికి పెద్దావిడ ముందు బాగుండదని ఊరుకున్నాను.

మర్నాడు వదిన ఆ నాలుగు వాక్యాలూ పుస్తకంలో ఎక్కించి, తన చేత్తోనే మేనేజరు బల్ల మీద పెట్టింది. అప్పుడు నేను ఆ గదిలోనే స్టూలెక్కి కర్టెనుకు రింగులు తగిలిస్తున్నాను. నిజం చెప్పాలంటే ఆ రింగులు అంత తొందరేం కాదు.

మేనేజరు రెండుసార్లు చదివాడు. "ఆ గెస్టు పొద్దున థాంక్స్ చెప్పి వెళ్ళిందే. కంప్లైంటు ఏమీ లేదు" అన్నాడు.

"లేదు సార్. నేనే చెప్తున్నాను."

అతను రిసెప్షన్ ఇన్‌ఛార్జిని పిలిపించాడు. ఆవిడ నిదానస్తురాలు, పదేళ్ళుగా ఆ కౌంటరు వెనకే ఉంటుంది. "మీరు చూడకుండా తాళం ఎలా ఇచ్చారు?" అని అడిగాడు.

"నాలుగో అంతస్తు కదా సార్, చూడం."

"అంటే?"

ఆవిడ వదిన వైపు ఒకసారి చూసి చెప్పింది. "మిగతా అంతస్తులన్నిటికీ తాళం ఇచ్చేముందు మీసాల మామయ్యను పంపి గదిలోకి తొంగిచూడమంటాం. పుస్తకంలో ఏం రాసినా సరే. ఎప్పటినుంచో అంతే. ఈ నెలలో నాలుగో అంతస్తుకు పంపడం మానేశాం. వదిన అయిందంటే అయినట్టే కాబట్టి." మీసాల మామయ్య అంటే సామాన్లు మోసే మా పెద్దాయన. రోజంతా లిఫ్టులో పైకీ కిందకీ ఎందుకు తిరుగుతాడో నాకప్పుడు తెలిసింది. పని తప్పించుకు తిరుగుతాడని అన్నాళ్ళూ ఆడిపోసుకున్నాను.

 అందరూ ముందే రాస్తారని మేనేజరుకు తెలుసో తెలియదో నాకు తెలియదు, మొహం మాత్రం ఎర్రబడింది. రిసెప్షన్ ఆవిడ నెమ్మదిగా అడిగింది. "సార్, ఇకనుంచి నాలుగో అంతస్తుకు కూడా మనిషిని పంపనా?"

మేనేజరు జవాబు చెప్పేలోగానే వదిన అంది. "పంపండమ్మా. నెల రోజులు ప్రతి గదికీ పంపండి. తర్వాత మీ ఇష్టం."

ఇక నేను ఆగలేకపోయాను. స్టూలు మీదనుంచే, ఈ మనిషి మోకాళ్ళ సంగతి మీకు తెలుసా సార్ అని మొదలుపెట్టి, డాక్టరు మాటా, రెండు బస్సులూ, భోజనాల బల్లా, ఆఖరికి అన్నయ్య చదరంగం దాకా అన్నీ కక్కేశాను. వదిన కళ్ళతో వద్దు వద్దంటూనే ఉంది. మేనేజరు అంతా విని, చదరంగం దగ్గర నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. "బస్సు నాలుగుంబావుకు మారుస్తాను" అన్నాడు. "సూపర్వైజరు సంగతి మాత్రం ఇప్పుడే తేల్చను. నెల గడవనివ్వండి. ఈ నెలంతా మీరు నేల రుద్దొద్దు, ఆ పని ఇంకొకరు చేస్తారు. మీరు చూసుకుని పుస్తకం రాయండి. చకచక కూడా తన అంతస్తులో అలాగే రాస్తుంది."

బస్సు మారేసరికి మొదట అందరూ వదిన మీద కారాలు మిరియాలు నూరారు. "నువ్వు నిజం రాసుకుంటే రాసుకున్నావ్, మమ్మల్ని ముంచావ్" అని చకచక మొహమ్మీదే అంది. వారం తిరిగేసరికి ఆ అమ్మాయే తల దువ్వుకుని, బొట్టు సరిచేసుకుని తీరిగ్గా బస్సెక్కుతోంది. భోజనాల బల్ల మీద పుస్తకాలు కనిపించడం మానేశాయి. అన్నయ్య మాత్రం వారంపాటు భార్యతో ముభావంగా ఉన్నాడు. వాచ్‌మన్ ఆయనకు కబురు పంపాడట, రోజూ నా చేతిలో ఓడిపోయేవాడివి ఉన్నట్టుండి ఆట మానేశావేంటని.

నాలుగో అంతస్తుకు మీసాల మామయ్య రావడం మొదలుపెట్టాడు. వదిన ఫోను చేయగానే లిఫ్టులోంచి దిగేవాడు. దుప్పటి ఎత్తి చూసేవాడు, బల్ల మీద వేలు రాసి చూసేవాడు, స్నానాల గదిలోకి తల పెట్టేవాడు. ఆవిడ గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడేది. పద్దెనిమిదేళ్ళ మనిషి, కొత్తగా చేరినదానిలా.  మామయ్యకూ ఇబ్బందిగానే ఉండేది పాపం, "బాగుందమ్మా, బాగుంది" అని నేల చూపులు చూస్తూ వెళ్ళిపోయేవాడు. ఒక్కరోజు కూడా ఆవిడ మాట తేలిపోలేదు. రోజూ పద్నాలుగు గదులు, ముప్పై రోజులు.

ముప్పై ఒకటో రోజున నేను గలీబులు ఇవ్వడానికి పైకి వెళ్ళాను. వదిన నాలుగు వందల పన్నెండు సిద్ధమని ఫోను చేసి, అలవాటు ప్రకారం గుమ్మంలో నిలబడింది. లిఫ్టు వైపు చూస్తోంది. అయిదు నిమిషాలైంది, పది అయింది, మామయ్య రాలేదు. ఆవిడకు కంగారు పుట్టింది. తిరిగి ఫోను తీసింది.

"గది చూడటానికి మనిషిని పంపలేదేంటమ్మా?"

రిసెప్షన్ ఆవిడ గొంతు నాకూ వినిపించింది. "ఎందుకు వదినా? తాళం ఇచ్చేశాంగా. వాళ్ళు లిఫ్టెక్కేశారు కూడా."

లిఫ్టు తలుపు తెరుచుకుంది. ఒక జంట సూట్‌కేసులు లాక్కుంటూ దిగి, మా పక్కనుంచి నడిచి, పన్నెండులోకి వెళ్ళి తలుపేసుకున్నారు. లోపలినుంచి "అబ్బ, ఎంత బాగుంది" అన్న మాట వినిపించింది. వదిన ఫోను పెట్టేసి, ట్రాలీ మీద దుప్పట్లలో మొహం దాచుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. మేనేజరు కాగితం రెండు రోజుల తర్వాత వచ్చింది గానీ, ఆవిడకు ఆ ఉద్యోగం ఇచ్చింది ఆ ఫోనే అని నేననుకుంటాను. నేను గలీబులు పట్టుకుని పక్కనే నిలబడ్డాను. నాకూ ఏడుపొచ్చింది.